చూసొచ్చిన ముంబై, కట్టొచ్చిన బొంబాయి

మన పత్రికల్లో ముంబై యాత్రా వ్యాసం ఒకటి చదివితే పది చదివినట్టే. మొదటిరోజు పొద్దున గేట్‌వే ఆఫ్ ఇండియా, ఎదురుగా తాజ్ హోటల్, అక్కణ్ణించి లాంచీలో ఎలిఫెంటా గుహలు. సాయంత్రం మెరీన్ డ్రైవ్, కాగితం పొట్లంలో పల్లీలు, ‘క్వీన్స్ నెక్లెస్’ అనే మాట. రెండోరోజు సిద్ధి వినాయకుడు, మహాలక్ష్మి, హాజీ అలీ, మధ్యలో ఒక ఇరానీ హోటల్లో బన్ మస్కా. మూడోరోజు సీ లింక్ మీదుగా బాంద్రా, ఎవరో హీరో ఇంటి గేటు, జుహూలో పావ్ భాజీ. చివరి పేరాలో లోకల్ ట్రైన్ రద్దీ, ఈ నగరం నిద్రపోదని ఒక నిట్టూర్పు, తిరుగు విమానం.

ఇవన్నీ చెత్త అని నేననను. కొందరు బాగా రాస్తారు. వానలో తడిసిన నల్లరాతి భవనాల గురించి, సముద్రం మీద పొద్దు గూకడం గురించి చదువుతుంటే హాయిగానే ఉంటుంది. నా పేచీ వేరే. వీటిలో తెలుగు భాష ఉంటుంది గానీ తెలుగు మనిషి ఉండడు. రాసినాయన కరీంనగర్ నుంచి పోయాడో, కాన్సాస్ నుంచి పోయాడో వ్యాసమంతా చదివినా తెలియదు. తనకంటే ముందు తన ఊరివైపు నుంచి ఆ నగరానికి ఎవరూ పోలేదన్నట్టే రాస్తాడు. రెండు వందల ఏళ్లకు పైగా మన జనం ఆ దీవికి పోతున్నారు. రాళ్లు మోశారు, మగ్గాలు నడిపారు, ఇవాళ్టికీ సెంట్రింగ్ కడుతున్నారు. వాళ్ల ఊసే లేకుండా తెలుగులో ముంబై గురించి రాస్తే, మర్యాదగా దాన్ని లోపం అనొచ్చు. నేనైతే అబద్ధం అంటాను.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి లెక్కలో నారాయణపేట. 2016లో జిల్లాను ముక్కలు చేశారు, 2019లో మాది మళ్లీ వేరే చేశారు. ఎన్ని చేసినా బయటివాళ్లకు మేమంతా పాలమూరోళ్లమే. మా దిక్కు ‘బొంబాయి పోయిండు’ అన్నామంటే దానికి ఒకటే అర్థం. చూడ్డానికి పోయాడని ఎవరికీ తట్టదు. ‘ఏ మేస్త్రి గుంపుల పోయిండు?’, ‘బాకీ ఎంత ఉండె?’, ‘పిల్లల్ని ఎవరి కాడ ఇడిసిండు?’ అని అడుగుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దోస్తులతో కలిసి మూడు రోజులు ముంబై చూసొస్తానని ఇంట్లో చెబితే మా నాయనమ్మ, ‘బొంబాయిల సూసెతందుకు ఏముంటది రా?’ అంది. వెటకారం ఏమీ లేదు. ఆమెకు తెలిసిన బొంబాయిలో నిజంగానే చూసేదేమీ లేదు. అది పనికి పోయే జాగా.

పాలగుమ్మి సాయినాథ్ 2003లో ‘ద హిందూ’ పత్రికలో మహబూబ్‌నగర్ నుంచి ముంబై పోయే బస్సు గురించి రాశారు. అంతకు పదేళ్ల కింద వారానికి ఒకే ఒక్క బస్సు నడిచేది. ఆయన రాసేనాటికి వారానికి ముప్పైకి పైగా నడుస్తున్నాయి. ఆ పదేళ్లలో ముంబైలో కొత్తగా చూడాల్సినవేమీ పుట్టుకురాలేదు. పాలమూరులో బోర్లు ఎండాయి, అప్పులు పెరిగాయి. కృష్ణా తుంగభద్రలు జిల్లా అంచులను ఒరుసుకుంటూ పోయినా నీళ్లు పైకి ఎక్కలేదు. పక్కన నల్గొండలో నాగార్జునసాగర్ కట్టాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ పచ్చబడింది. అదే జిల్లాలో దేవరకొండ తండాలు సామాన్లు సర్దుకుని బస్సెక్కుతూనే ఉన్నాయి. బస్సుల సంఖ్య మా జిల్లాలకు వర్షపాతం పట్టిక లాంటిది. టూరిజం పట్టికగా చదివితే ఏమీ అర్థం కాదు.

ఇక ఆ దీవి సంగతి. ముంబై మునిసిపాలిటీ వానాకాలంలో రోజూ ఇచ్చే వర్షపాతం లెక్కల్లో ‘ఐలాండ్ సిటీ’ అని ఒక గడి ఉంటుంది. తూర్పు, పడమటి శివార్లకు వేరే గడులు. మాహిం, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు, అక్కణ్ణించి ట్యాక్సీలే. అంటే ఆటో ఆగిపోయే చోట దీవి మొదలవుతుందన్న మాట. కానీ ఇది దేవుడిచ్చిన దీవి కాదు. కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజ్‌గావ్, పరేల్, వర్లీ, మాహిం అని ఏడు ముక్కలు. 1661లో పోర్చుగీసువాళ్లు పెళ్లి కట్నంగా ఇంగ్లండు రాజుకిచ్చారు. 1668లో ఆ రాజు ఏడాదికి పది పౌన్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఈ కథ ప్రతి ట్రావెలాగ్‌లోనూ ఉంటుంది, కట్నం ముచ్చట కదా, మనవాళ్లకు ఇష్టం. ఆ ఏడు ముక్కలు ఒక్కటెలా అయ్యాయో మాత్రం ‘తర్వాత వాటిని కలిపారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఎవరు కలిపారు? వర్లీకి, బొంబాయికి మధ్య సముద్రం లోపలికి దూసుకొచ్చే గండిని పూడ్చిన కట్టను హార్న్‌బీ వెల్లార్డ్ అంటారు. గవర్నర్ విలియం హార్న్‌బీ పేరు. 1780లలో పూర్తయింది. పక్కనే మహాలక్ష్మి గుడి. కట్ట పదేపదే కూలిపోతుంటే అమ్మవారు ఇంజనీరు కలలోకి వచ్చిందని, సముద్రంలోంచి విగ్రహం తీసి గుడి కడితే కట్ట నిలిచిందని చెప్పే కథ మన యాత్రికులకు నోటికొచ్చు. గవర్నరు పేరు మిగిలింది, ఇంజనీరు పేరు మిగిలింది, అమ్మవారికి గుడి మిగిలింది. మాహిం కాజ్‌వే 1845లో పూర్తయితే, దాని ఖర్చు పెట్టిన జంషెట్జీ జీజీభాయ్ భార్య పేరు ఇవాళ్టికీ ఒక రోడ్డుకుంది. రాళ్లు మోసినవాళ్లకు ఏం మిగిలింది?

వాళ్లకూ ఒక పేరు మిగిలింది. కామాఠిపురా.

బ్రిటిష్ కాలం నాటి బొంబాయి గెజిటీర్ 1909లో అచ్చయింది. ‘బొంబాయి నగరం, దీవి’ అని దాని పేరులోనే ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీల వల్ల ఆ పేటకు ఆ పేరొచ్చిందని అందులో నమోదైంది. కామాఠీలు అంటే తెలుగు మాట్లాడే కట్టుబడి పనివాళ్లు. మన దగ్గర కామాటి అంటే కూలి పని చేసేవాడే, హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపురా ఉంది. గండి పూడ్చాక సముద్రపు నీళ్లు రాకుండా ఆగిన పల్లపు నేలల్లో ఆ పేట వెలిసింది. సముద్రాన్ని తోసేసిన చోట, ఆ తోసే పనికి వచ్చినవాళ్లే గుడిసెలు వేసుకున్నారు. ముంబై పటం మీద తెలుగు శ్రమ తన పేరు రాసుకున్న జాగా ఇది.

ఆ పేరు వినగానే ఇవాళ చదువుకున్న తెలుగు యువకుడి మొహం మీద ఒక వంకర నవ్వు వస్తుంది. తర్వాత్తర్వాత అక్కడ చేరిన సానివాడల గురించి, 2022లో వచ్చిన ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా గురించి వాడికి తెలుసు. తన ముత్తాతల్లాంటి వాళ్ల పేరు మీద నవ్వుతున్నానని తెలియదు. ట్రావెలాగ్ రాసేవాళ్లయితే ఆ పేటను రెండే రకాలుగా తలుస్తారు. అసలు ఎత్తరు, లేదా ‘ట్యాక్సీ డ్రైవర్ అటు చూడొద్దన్నాడు’ అని గుసగుసగా రాస్తారు. ఆ చుట్టుపక్కల వీధుల్లోనే పెరిగిన నామ్‌దేవ్ ధసాల్ 1972లో ‘గోల్‌పీఠా’ అనే పుస్తకంతో మరాఠీ కవిత్వాన్ని తిరగేశాడు. మరాఠీవాళ్లు ఆ సందుల్లోకి సాహిత్యంగా నడిచిపోయారు. పేరు మనది, కవిత్వం వాళ్లది. ముంబైలోనే ఉండి అక్కడి తెలుగు జీవితం రాసిన అంబల్ల జనార్దన్ లాంటివాళ్లు మనకూ ఉన్నారు. హైదరాబాదు నుంచి పోయి మూడు రోజుల్లో ముంబై రాసేవాళ్లలో ఎంతమంది వాళ్లను తెరిచి చూశారు?

ఇంకో సంగతి. జోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజం పెట్టినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. జయ కరాడీ లింగు, వెంకు బాలాజీ కాలేవార్ లాంటివాళ్లు. బ్రాహ్మణేతర ఉద్యమ చరిత్రలో ఈ పేర్లున్నాయి. ఫూలే గురించి మన దగ్గర సభలకు, వ్యాసాలకు కొదవ లేదు. ఆయన వెనకాల నిలబడిన తెలుగువాళ్లను చూడాలంటే పుస్తకాలతోపాటు ఆ నగరంలో కూడా వెతకాలి. అంత మంచి యాత్రా విశేషం చేతిలో ఉంచుకుని, హీరో ఇంటి గేటు ముందు సెల్ఫీ దిగి వస్తున్నాం.

సరే, ఆ లిస్టులోని చోట్లనే మళ్లీ ఒకసారి చూద్దాం. వాటిని చూడొద్దని నేననడం లేదు.

గేట్‌వే. 1911లో అయిదో జార్జి చక్రవర్తి రాకకు గుర్తుగా తలపెట్టిన కట్టడం. చక్రవర్తి వచ్చేనాటికి అక్కడున్నది అట్ట నమూనా ఒక్కటే, అసలు కట్టడం 1924కి గాని తయారవలేదు. 1948లో చివరి బ్రిటిష్ పటాలం ఆ కమాను కింది నుంచే ఓడెక్కింది. వచ్చిన రాజు, పోయిన సిపాయి ఇద్దరూ మన వ్యాసాల్లో ఉంటారు. మధ్యలోని పదమూడేళ్ల పని ఉండదు.

ఎలిఫెంటా. లాంచీలో గంట ప్రయాణం, నూట ఇరవై మెట్లు, గుహలో మూడు తలల సదాశివుడు. ఎదురుగా నిలబడితే నిజంగానే మాట పడిపోతుంది. 1987లో యునెస్కో ఆ గుహలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అదే దీవి మీద మూడు చిన్న ఊళ్లున్నాయి. సముద్రం అడుగున కేబుల్ వేసి వాటికి కరెంటు లైను ఇచ్చింది 2018లో. ఎదురుగా ముంబై రాత్రంతా వెలిగే నగరం, ఈ దీవి మీద చీకటి. శిల్పాలకు గుర్తింపు వచ్చిన ముప్పై ఏళ్లకు మనుషులకు బల్బు వెలిగింది. ఇంత మాట మెట్ల పక్కన బొమ్మలమ్మే ఏ అవ్వను అడిగినా చెబుతుంది. నల్గొండవాళ్లకైతే ఇదేమీ కొత్త కాదు. నాగార్జునకొండకు కూడా లాంచీలోనే పోతాం. అది ఒకప్పుడు కొండ, సాగర్ నీళ్లు నిలిచాక దీవి అయింది. బౌద్ధ కట్టడాలను ఎత్తి కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు, మంచి పని. లోయలో ఉన్న ఊళ్ల జనం ఎటు పోయారని లాంచీలో గైడ్ చెప్పడు, మనమూ అడగం. అక్కడ అడగడం నేర్చుకుంటే ఎలిఫెంటాలోనూ అడిగేవాళ్లం.

మెరీన్ డ్రైవ్. అక్కడ కూర్చునే గోడ వెనకాల నేలంతా సముద్రాన్ని పూడ్చి తీసిందే. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధరలు పెరిగి, బొంబాయి షావుకార్ల చేతిలో డబ్బు ఆడి, బ్యాక్ బే పూడ్చడానికి కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1865లో యుద్ధం ఆగిపోగానే అన్నీ కుప్పకూలాయి. 1920లలో గవర్నర్ లాయిడ్ మళ్లీ మొదలుపెట్టిస్తే, అందులో జరిగిన దుబారాను కె.ఎఫ్. నారిమన్ బయటపెట్టాడు. నారిమన్ పాయింట్ అనే పేరు ఆయనదే. ఈ కథంతా తెలిస్తే అక్కడ తినే పల్లీల రుచి ఏమీ తగ్గదు.

షాపింగ్. లోయర్ పరేల్‌లో మనవాళ్లు తప్పకుండా పోయే మాల్ పేరు ఫీనిక్స్. అది బట్టల మిల్లు, ఫీనిక్స్ మిల్స్. అలాంటి మిల్లుల్లో నల్గొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల పద్మశాలీలు తరాల తరబడి పనిచేశారు. ఊళ్లో మగ్గం మూలపడితే బొంబాయి, షోలాపూర్, భీవండి అని మూడు దారులుండేవి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు మిల్లుల బయట నిలబడ్డారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ లేవలేదు, స్థలాలు మాత్రం లేచాయి. నల్గొండ నేతగాడి మనవరాలు ఇవాళ సాఫ్ట్‌వేర్ జీతంతో అదే మిల్లు ఆవరణలో చీర కొనుక్కోవచ్చు. అందులో తప్పేమీ లేదు, నాకైతే సంతోషం. ఆ విషయం తెలిసి కొనుక్కుంటే అది రాయదగిన విశేషం. తెలియకుండా కొనుక్కుంటే ఉత్త బిల్లు.

సీ లింక్. 2009లో తెరిచిన అయిదున్నర కిలోమీటర్ల వంతెన. నడిచిపోయేవాళ్లను, రెండు చక్రాల బండ్లను దాని మీదికి రానివ్వరు. అంటే దాన్ని కట్టిన కూలీ తన కాళ్ల మీద గాని, కష్టపడి కొనుక్కున్న బైకు మీద గాని దాన్ని దాటలేడు. 2024లో మొదలైన కోస్టల్ రోడ్డుకూ ఇదే రూలు. అది కూడా సముద్రాన్ని పూడ్చి వేసిందే. ఏడు దీవులను కలిపే పని అయిపోయింది అనుకుంటాం గానీ, దీవి ఇంకా తయారవుతూనే ఉంది.

హాజీ అలీ దగ్గర రేకుల కంచె పక్కన టీ తాగుతుంటే మా తెలుగు వినబడింది. ముగ్గురు మనుషులు, తలలకు పసుప్పచ్చ టోపీలు. పలకరిస్తే మా పక్క మండలమే. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, ‘ఏ సైటు సారూ మీది?’ అన్నాడు. చూడ్డానికి వచ్చానంటే ముగ్గురూ నవ్వారు. ‘మేము పదకొండేండ్ల సంది ఈడనే ఉన్నం. ఏం జూల్లే. పిల్లలు వచ్చినప్పుడు ఒక్కపారి గేటువే కాడికి పోయినం, పడవ ఎక్కుదమంటే టికెట్ ఎక్కువని ఎనక్కొచ్చినం.’ ఆయన ఏడవలేదు, సానుభూతి అడగలేదు. గుహలు ఎట్లుంటయని నన్నే అడిగాడు. నేను చెప్పాను. సదాశివుడి మూడు మొహాల గురించి శ్రద్ధగా విని, ‘ఒకే రాయా, అతికిచ్చిండ్రా?’ అన్నాడు. కొండనే తొలిచారన్నాను. ‘అబ్బ! ఎన్నేండ్లు పట్టిందో!’ అన్నాడు. నేను చదివిన పది పన్నెండు ఎలిఫెంటా వర్ణనల్లో ఎవరికీ రాని మాట అది.

నా వాదన మీద మూడు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

మొదటిది: సెలవుల్లో కూడా ఈ బరువు దేనికి? మనిషి ఏడాదికి ఒకసారి నాలుగు రోజులు తిరిగొస్తే అక్కడా చరిత్ర, శ్రమ, దోపిడీ అంటారా? న్యాయమే. తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, హాయిగా తిరగండి. కానీ తిరగడం వేరు, రాసి అచ్చుకు పంపడం వేరు. పంపినప్పుడు అది సాహిత్యమని మీరే అన్నారు. కథ రాసేవాణ్ణి నీ పాత్రలు ఏం పని చేసి బతుకుతాయని అడుగుతాం. ట్రావెలాగ్ రాసేవాణ్ణి మాత్రం ఏమీ అడక్కూడదా? మన విమర్శకులు కథకు, కవితకు పెట్టే గీటురాయిని యాత్రా వ్యాసం దగ్గరికొచ్చేసరికి జేబులో పెట్టేసుకుంటారు.

రెండోది: పేదరికాన్ని టూరిజం చేద్దామంటావా, ధారావిలో డబ్బులిచ్చి తిప్పే టూర్ల లాగా? అస్సలు కాదు. కామాఠిపురాకు కెమెరాతో పోయి అక్కడి ఆడవాళ్ల ఫొటోలు తీసే రచయిత కంటే హీరో గేటు దగ్గర నిలబడినవాడు వెయ్యి రెట్లు నయం. కొత్త చోట్లకు పొమ్మనడం లేదు. పోయిన చోటనే ఇంకొంచెం సేపు ఆగమంటున్నాను. రాయి ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరు మోశారు, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, వాళ్లు ఇక్కడికి రాగలరా అనే నాలుగు ప్రశ్నలు చాలు.

మూడోది కాస్త కొరకరాని కొయ్య. ‘ముంబైని మేమే కట్టాం’ అని ఇంకో తెలుగు గొప్ప మొదలుపెడతావా? ఆ ప్రమాదం ఉంది. ఆ దీవిని కట్టినవాళ్లలో కొంకణివాళ్లు, ఘాట్‌ల మీది మరాఠీవాళ్లు, గుజరాతీలు, ఉత్తరాది భయ్యాలు అందరూ ఉన్నారు. అదీగాక మా పాలమూరు కూలీని దోచినవాడు ఎక్కణ్ణించో రాలేదు. గుత్తేదారు తెలుగువాడు, గుంపు మేస్త్రి ఒక్కోసారి వాడి మేనమామ. పండక్కి అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు కింద ఆలుమగలను ఇద్దర్నీ లారీ ఎక్కించి, నెలల తరబడి లెక్క తేల్చకుండా పని చేయించుకునే పద్ధతి మనవాళ్ల చేతుల మీదుగానే నడిచింది. నాగార్జునసాగర్ మొదలుకుని దేశంలోని ఎన్నో ఆనకట్టల దగ్గర ‘పాలమూరు లేబర్’ అనే మాటకు గిరాకీ ఉండేది. అంటే మెచ్చుకోలు కాదు, తక్కువ కూలికి ఎక్కువ పని అని. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. పేరు నమోదు, ప్రయాణ ఖర్చు, అక్కడ ఉండడానికి వసతి అన్నీ అందులో ఉండేవి. కాగితం మీద అంత చక్కటి చట్టం ఉండగానే, 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ముంబై నుంచి మా ఊళ్ల దాకా జనం లారీల మీద, కాళ్ల మీద వచ్చారు. అప్పుడు ప్రభుత్వాల దగ్గర వాళ్ల లెక్కే లేదని తేలింది. గొప్ప చెప్పుకోవడానికి ఇందులో ఏముంది? నేను అడుగుతున్నది లెక్క.

ఇది నా సొంత కనిపెట్టుడు కూడా కాదు. తెలుగులో యాత్రా రచన మొదలైందే లెక్కలతో. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, శ్రీశైలం చూసుకుని, మా పాలమూరు గడ్డ మీదుగానే హైదరాబాదు చేరాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి, పల్లకిలో వందమంది పరివారంతో పోయిన మనిషి. విప్లవకారుడేమీ కాదు. అయినా ప్రతి మజిలీలో నీళ్లున్నాయా, బియ్యం దొరుకుతాయా, ఏ నాణెం చెల్లుతుంది, సుంకం ఎవరు వసూలు చేస్తున్నారు అని రాసుకుంటూ పోయాడు. దేవుణ్ణి చూడ్డానికి పోయినాయన దారిని కూడా చూశాడు. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, జేబులో ప్రపంచమంతా పట్టే ఫోను పెట్టుకుని, మనం దారిని వదిలేసి దేవుణ్ణి మాత్రం చూసొస్తున్నాం. ఆ దేవుడు కూడా గూగుల్‌లో నాలుగున్నర నక్షత్రాలు వచ్చినవాడై ఉండాలి.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది నాలాంటివాళ్లే అనుకుంటాను. ఊరు పాలమూరో, నల్గొండో, శ్రీకాకుళమో. ఇల్లు కొండాపూర్‌లోనో, బెంగళూరులోనో. మనమూ పనికోసం ఊరు విడిచినవాళ్లమే. మనం పోతే ‘ఆన్‌సైట్’ అంటారు, వాళ్లు పోతే ‘వలస’ అంటారు. మనకు కంపెనీ విమానం టికెట్ ఇస్తుంది, వాళ్లకు మేస్త్రి బస్సు టికెట్ ఇచ్చి బాకీలో రాసుకుంటాడు. మనం గంటన్నరలో దిగే నగరానికి వాళ్లు ఒక రాత్రంతా మోకాళ్లు ముడుచుకుని పోతారు. హైటెక్ సిటీలో నేను కూర్చునే అద్దాల మేడ పునాది తవ్విందీ మావాళ్లే. ఆ మేడను రోజూ చూస్తూ కూడా చూడని కన్నే ముంబై పోయినప్పుడు గేట్‌వేను కూడా అట్లాగే చూస్తుంది. అందుకే నాకిది ట్రావెలాగుల గొడవగా మాత్రమే కనిపించదు. సెలవుల్లో మనం ఎలా చూస్తామో, మిగతా మూడు వందల రోజులూ అలాగే చూస్తాం.

కాబట్టి సంపాదకులకు ఒక మనవి. ఈసారి మీకు ‘మూడు రోజుల ముంబై’ వస్తే వెంటనే తిప్పి పంపకండి. రాసినాయనకు ఒక మెయిల్ పెట్టండి. అక్కడ తెలుగులో ఎవరితో మాట్లాడారు, వాళ్లు మిమ్మల్ని ఏం అడిగారు అని రెండు ప్రశ్నలు చాలు. జవాబు ఉంటే ఆ వ్యాసం అదే బాగుపడుతుంది. లేదంటే ఆయన్ను ఇంకోసారి పోయి రమ్మనండి. ఈసారి విమానంలో వద్దు, మహబూబ్‌నగర్ బస్టాండుకొచ్చి బస్సెక్కమనండి.